లినక్స్ కోసం కంప్యూటర్ కొంటున్నారా? ముందు లోపలి చిప్ చూడండి

మా అక్క కొడుకు ఖమ్మంలో డిగ్రీ చదువుతున్నాడు. వాడి దగ్గర ఉన్నది ఎనిమిదేళ్ళ నాటి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఆ మెషీన్ మీద ఎక్కనంది. వాడే కూర్చుని, వీడియోలు చూసుకుంటూ విండోస్‌కి బదులు లినక్స్ మింట్ అనే ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించుకున్నాడు. తెలుగు చక్కగా కనిపించింది, పాటలు మోగాయి, ఆఫీస్ ఫైళ్ళు తెరుచుకున్నాయి. వై-ఫై గుర్తు మాత్రం ఎక్కడా లేదు. "మామయ్యా, నెట్ ఉంటే డ్రైవర్ దించుకోమంటోంది. డ్రైవర్ ఉంటేనే కదా నెట్ వచ్చేది?" అని ఫోన్ చేశాడు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అన్నట్టుంది వాడి పరిస్థితి.

ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి, టెథరింగ్ ఆన్ చేయమన్నాను. నెట్ వచ్చింది, డ్రైవర్ ఎక్కింది, వై-ఫై పనిచేసింది. మూడు వారాల తర్వాత కెర్నెల్‌కి (లినక్స్ లోపలి గుండెకాయకి) అప్‌డేట్ వచ్చింది, వై-ఫై మళ్ళీ పోయింది. పరీక్షలు దగ్గర పడుతున్నాయన్న టెన్షన్‌లో "లినక్స్ నా వల్ల కాదు మామయ్యా" అన్నాడు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు లాప్‌టాప్ అడుగు మూత విప్పి, లోపలున్న వేలెడంత వై-ఫై కార్డు తీసేసి, పాత ఇంటెల్ కార్డు ఒకటి పెట్టాను. ఆ తర్వాత ఎన్ని అప్‌డేట్లు వచ్చినా వై-ఫై గురించి వాడు ఫోన్ చేయలేదు. అదే లాప్‌టాప్, అదే మింట్, వాడేదీ అదే కుర్రాడు. మారింది ఒక్క చిప్.

లినక్స్ వేసుకుని వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో డెస్క్‌టాప్ నచ్చక వెళ్ళినవాళ్ళు తక్కువ. స్క్రీన్ నల్లగా అయిందనో, వై-ఫై రాలేదనో, ప్రింటర్ కదల్లేదనో వెళ్ళినవాళ్ళే ఎక్కువ. మూడింటి వెనకా తరచుగా ఉండేది సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్ అసలు రాత) ఇవ్వని ప్రొప్రైటరీ డ్రైవరే. అందుకే డిస్ట్రోల్లో, అంటే లినక్స్ రకాల్లో, ఉబుంటు మంచిదా, ఫెడోరా మంచిదా అని నన్ను అడిగినవాళ్ళను ముందు మీ కంప్యూటర్‌లో ఏ చిప్‌లు ఉన్నాయని అడుగుతాను. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే.

డ్రైవర్ ఎక్కడ ఉంటుంది?

డ్రైవర్ అంటే ఓఎస్‌కీ పరికరానికీ మధ్య ఉండే దుబాసీ. ఆ దుబాసీ ఇంటి మనిషా, బయటి నుంచి వచ్చిపోయే మనిషా అన్నది లినక్స్‌లో చాలా పెద్ద తేడా.

కెర్నెల్ సోర్స్‌లోనే ఉన్న డ్రైవర్ ఇంటి మనిషి లాంటిది. కెర్నెల్ లోపలి అమరిక ఎవరైనా మారిస్తే, దాన్ని వాడుకునే డ్రైవర్లన్నింటినీ ఆ మార్చినవాళ్ళే సరిచేయాలి. అక్కడి పద్ధతి అది. చిప్ తయారుచేసిన కంపెనీ ఆ మోడల్‌ని మరిచిపోయినా, డ్రైవర్ మాత్రం ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంటుంది. మీరు విడిగా దించుకోవాల్సింది ఏమీ ఉండదు.

కెర్నెల్ బయట ఉండే డ్రైవర్ పరిస్థితి వేరు. దాదాపు తొమ్మిది పది వారాలకో కొత్త కెర్నెల్ వస్తుంది. లోపలి ఇంటర్‌ఫేస్‌లు మార్చకుండా ఉంచుతామని లినక్స్ వాళ్ళు ఏనాడూ మాట ఇవ్వలేదు. కాబట్టి బయటి డ్రైవర్‌ని ప్రతి కెర్నెల్‌కీ మళ్ళీ అమర్చాలి. డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఆ పనిని మీ మెషీన్‌లోనే, అప్‌డేట్ జరిగేటప్పుడు చేస్తుంది. అది సజావుగా జరిగితే మీకు తెలియను కూడా తెలియదు. జరక్కపోతే మా వాడికి జరిగినట్టే జరుగుతుంది. సోర్స్ చేతిలో ఉంటే ఎవరో ఒకరు ఆ కోడ్‌ని కొత్త కెర్నెల్‌కి సరిపోయేలా దిద్దుతారు. సోర్స్ లేకపోతే కంపెనీ దయ తలచేదాకా ఎదురుచూడాల్సిందే.

ఫర్మ్‌వేర్ అనే మూడో సంగతి కూడా ఉంది. ఇది చిప్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రామ్. ఏఎండీ గ్రాఫిక్స్‌కీ, ఇంటెల్ వై-ఫైకీ డ్రైవర్ ఓపెనే (సోర్స్ అందరికీ దొరుకుతుంది) గానీ ఫర్మ్‌వేర్ సోర్స్ లేదు. సూత్రం ప్రకారం ఇది లోటే, ఆ బాధ నాకూ ఉంది. అయితే రోజూ వాడేవాళ్ళకు ఫర్మ్‌వేర్ వల్ల అంత ఇబ్బంది రాదు, ఎందుకంటే అది కెర్నెల్‌తో పాటు మారాల్సిన అవసరం లేదు. డెబియన్ అనే డిస్ట్రో చాలాకాలం ఈ ఫైళ్ళను తన ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో సభ్యులు ఓటు వేసి ఆ నియమాన్ని మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ వస్తోంది. అంతకుముందు డెబియన్ వేసిన ప్రతివాడూ రెండో పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చున్నవాడే.

గ్రాఫిక్స్: ఏఎండీ, ఇంటెల్, ఎన్విడియా

ఎక్కువ డబ్బు పోసేదీ, ఎక్కువ తలనొప్పి తెచ్చేదీ ఈ చిప్పే. కాస్త వివరంగా చెబుతాను.

ఏఎండీకి ఇప్పుడు లినక్స్‌లో ఉన్న మంచిపేరు ఊరికే రాలేదు. ఏటీఐ అనే గ్రాఫిక్స్ కంపెనీని 2006లో కొన్నప్పుడు దానితో పాటు వచ్చిన సోర్స్ లేని డ్రైవర్ ఎన్నో ఇళ్ళలో డెస్క్‌టాప్‌ని కూలదోసింది. 2007లో ఏఎండీ తన చిప్‌ల డాక్యుమెంట్లు బయటపెట్టి, ఓపెన్ డ్రైవర్ రాయడానికి మనుషుల్ని పెట్టింది. 2015లో, కెర్నెల్ 4.2తో ఏఎండీజీపీయూ అనే కొత్త డ్రైవర్ వచ్చింది. ఆటల బొమ్మలు గీయించే వల్కన్ అనే ఏర్పాటు కోసం ఏఎండీ కోడ్ ఇంకా బయటికి రాకముందే, 2016లో బయటి డెవలపర్లు రాడ్‌వీ అనే ఓపెన్ డ్రైవర్ రాసేశారు. డాక్యుమెంట్లు, కెర్నెల్ డ్రైవర్ చేతిలో ఉన్నాయి కాబట్టి రాయగలిగారు. తర్వాత వాల్వ్ కంపెనీ దాని మీద బాగా ఖర్చుపెట్టింది. 2022లో వచ్చిన ఆ కంపెనీ చేతి గేమింగ్ కంప్యూటర్ స్టీమ్ డెక్ ఆ డ్రైవర్ మీదే ఆటలు ఆడిస్తోంది. తలుపు ఒకసారి తెరిస్తే ఎవరెవరు వచ్చి చేయి వేస్తారో ఇక్కడ కళ్ళారా చూశాం.

ఏఎండీలో లోపాలు లేవని కాదు. కొత్తగా మార్కెట్‌లోకి వచ్చిన కార్డు కొని పాత కెర్నెల్ ఉన్న డిస్ట్రో వేస్తే స్క్రీన్ సరిగా రాదు. డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంటుంది కాబట్టి కెర్నెల్ కూడా కొత్తదై ఉండాలి. రెండో ఇబ్బంది టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణం. ఏఎండీ దానికి ఓపెన్ డ్రైవర్ కోడ్ సిద్ధం చేసుకున్నా, హెచ్‌డీఎంఐ ఫోరం దాన్ని బయటపెట్టడానికి ఒప్పుకోలేదని 2024లో తెలిసింది. 4కే టీవీని 120 హెర్ట్జ్‌లో వాడాలనుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకునే కొనాలి. మానిటర్ అయితే డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడుకుంటే సరిపోతుంది.

ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చదువుకీ ఆఫీసు పనికీ సినిమాలకీ అదే అన్నింటికన్నా ప్రశాంతమైన దారి. డ్రైవర్ చాలా ఏళ్ళుగా ఓపెన్, ఎక్కించగానే పనిచేస్తుంది. కాకపోతే పేరు చూసి గుడ్డిగా కొనకూడదనడానికి ఇంటెల్‌లోనే ఉదాహరణ ఉంది. చిన్న నెట్‌బుక్‌లు జోరుగా అమ్ముడైన రోజుల్లో జీఎంఏ 500 అనే గ్రాఫిక్స్ వచ్చింది. పైన ఇంటెల్ పేరే ఉన్నా లోపలి డిజైన్ ఇమాజినేషన్ టెక్నాలజీస్ వాళ్ళ పవర్‌వీఆర్. దానికి 3డీ పనిచేయించే ఓపెన్ డ్రైవర్ లేదు. ఇంటెల్ కదా అని నమ్మి కొన్నవాళ్ళు చేతులు కాల్చుకున్నారు. ఈమధ్య కొన్ని పలుచటి ఖరీదైన లాప్‌టాప్‌లలో ఐపీయూ6 అనే కెమెరా ఏర్పాటు వస్తోంది, అదీ ఇంటెల్‌దే. మామూలు యూఎస్‌బీ వెబ్‌కామ్‌లా పెట్టగానే పనిచేయదు. డ్రైవర్ కొంత కెర్నెల్‌లోకి వచ్చినా బొమ్మ నాణ్యత విండోస్‌లో ఉన్నంత బాగుండదు. ఆన్‌లైన్ క్లాసుల కోసం కొనేవాళ్ళు కెమెరాను విడిగా పరీక్షించుకోవాలి.

ఇక ఎన్విడియా. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో జరిగిన ఒక సభలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు తిరిగి ఎన్విడియాకి మధ్యవేలు చూపించాడు. ఆ కోపం వెనక చాలా ఏళ్ళ కథ ఉంది. అప్పట్లో ఎన్విడియా సోర్స్ ఇచ్చేది కాదు, డాక్యుమెంట్లూ ఇచ్చేది కాదు. కొందరు డెవలపర్లు చిప్ ఎలా స్పందిస్తుందో గమనించి, దాన్ని బట్టి నూవో అనే ఓపెన్ డ్రైవర్ రాశారు. అది 2010లో కెర్నెల్‌లోకి వచ్చింది. కానీ 2014లో వచ్చిన జీటీఎక్స్ 900 తరం నుంచి ఎన్విడియా సంతకం చేసిన ఫర్మ్‌వేర్ ఉంటేనే చిప్ వేగం మార్చడానికి వీలుండేలా చేసింది. ఆ సంతకం ఉన్న ఫైళ్ళు నూవో వాళ్ళకు అందలేదు. దాంతో పదహారు వేలు పెట్టి కొన్న కార్డు కూడా నూవో మీద ఎప్పుడూ మొదటి గేర్‌లోనే నడిచేది. రాసేవాళ్ళకు తెలివి లేక కాదు, కంపెనీ తాళం వేసింది కాబట్టి.

2022 మేలో ఎన్విడియా తన కెర్నెల్ మాడ్యూళ్ళ (కెర్నెల్‌లోకి ఎక్కే డ్రైవర్ ముక్కల) సోర్స్ బయటపెట్టింది. ట్యూరింగ్ తరానికీ (జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 సిరీస్‌లు) ఆ తర్వాతి తరాలకే అది వర్తిస్తుంది. 2024 నాటికి ఆ తరాల కార్డులకు ఓపెన్ మాడ్యూళ్ళనే మామూలుగా వాడమని తనే చెప్పింది. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కైతే ఓపెన్ మాడ్యూళ్ళు తప్ప వేరే దారి లేదు. సంతోషించాల్సిన సంగతే. కానీ బయటికి వచ్చింది కెర్నెల్‌లో నడిచే భాగం మాత్రమే. బొమ్మలు గీయించే ఓపెన్‌జీఎల్, వల్కన్, ఏఐ లెక్కలు నడిపే సీయూడీఏ (CUDA) ఉండే అసలు భాగానికి ఈరోజుకీ సోర్స్ లేదు. ఆ కెర్నెల్ భాగం కూడా ఇంకా కెర్నెల్ బయటే ఉంది. ఓపెన్ అన్న మాట వినగానే ఏఎండీ లాంటిదే అనుకోవద్దు.

మూడింటిలో ఏది అంటే నా మాట ఇది. కొత్తగా కొంటున్నారు, ఏఐ పని లేదు అంటే ఏఎండీ గానీ ఇంటెల్ గానీ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. ఆటల కోసమైతే ఏఎండీ. ఇంజనీరింగ్‌లో మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు చేసే పిల్లలకు మాత్రం ఎన్విడియా వద్దని చెప్పలేను. కాలేజీ ల్యాబ్ నుంచి నెట్‌లో దొరికే పాఠాల దాకా అన్నీ సీయూడీఏ మీదే నడుస్తాయి. దానికి పోటీగా ఏఎండీ ఆర్‌ఓసీఎమ్ ఉంది గానీ అధికారికంగా సపోర్ట్ చేసే కార్డుల జాబితా చిన్నది. అలాంటివాళ్ళు ఆర్‌టీఎక్స్ అని రాసి ఉన్నదే తీసుకోవాలి.

చేతిలో ఇప్పటికే ఎన్విడియా ఉంటే

చాలామంది పరిస్థితి ఇదే, ఉన్నదాన్ని పారేసుకోలేం కదా. ఇక్కడ కార్డు తరం తెలుసుకోవడం ముఖ్యం. టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) అని కొడితే లోపలున్న చిప్‌ల పేర్లన్నీ వరసగా వస్తాయి.

జీటీఎక్స్ 16 సిరీస్, ఆర్‌టీఎక్స్ 20, ఆ పైవి అయితే ఎన్విడియా డ్రైవర్‌నే, ఓపెన్ మాడ్యూల్ ఉన్న రకంలో వేసుకోండి. ఉబుంటు, మింట్‌ల డ్రైవర్ మేనేజర్‌లో పేరు చివర ఓపెన్ అని ఉంటుంది. వేలాండ్‌లో (స్క్రీన్ మీద విండోలను చూపించే కొత్త ఏర్పాటులో) స్క్రీన్ మినుకుమినుకుమనే బాధ కూడా 2024లో వచ్చిన ఎన్విడియా డ్రైవర్ 555 వెర్షన్ నుంచి బాగా తగ్గింది. ఈ తరాలకు నూవో కూడా కోలుకుంటోంది. 2024 జనవరిలో వచ్చిన కెర్నెల్ 6.7 నుంచి ఈ కార్డులను పూర్తి వేగంతో నడిపే దారి దొరికింది, దాని మీద ఎన్‌వీకే అనే ఓపెన్ వల్కన్ డ్రైవర్ నడుస్తోంది. డెస్క్‌టాప్‌కీ మోస్తరు ఆటలకీ సరిపోతుంది, సీయూడీఏ మాత్రం రాదు. మనసు ఓపెన్ వైపు ఉంటే ఒక వారం వాడి చూడండి, నచ్చకపోతే మారొచ్చు.

జీటీఎక్స్ 900, 1000 సిరీస్‌ల వాళ్ళ గురించే నాకు దిగులు. జీటీఎక్స్ 1050, 1060, లాప్‌టాప్‌లలో వచ్చిన ఎంఎక్స్150, ఎంఎక్స్250, ఎంఎక్స్330 అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఎంఎక్స్330 ఉన్న లాప్‌టాప్‌లు లాక్‌డౌన్ రోజుల్లో మన ఊళ్ళలో ఎంతోమంది పిల్లల చదువుల కోసం కొన్నారు. వీటికి 580 అనే వెర్షన్ శాఖే ఎన్విడియా ఇచ్చే చివరి డ్రైవర్. నూవో మీద మొదటి గేర్ బాధ వీటికి అలాగే ఉంది. ఇప్పటికైతే 580 వేసుకోండి, మరీ వేగంగా కెర్నెల్ మార్చే డిస్ట్రోలు వద్దు. లాప్‌టాప్ అయితే ఇంకో మంచి దారి ఉంది. దాదాపు అన్నింటిలో ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా ఉంటుంది, దాని మీదే పనంతా చేసుకుని ఎన్విడియాని నిద్రపుచ్చండి. బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. కొన్ని మోడళ్ళలో హెచ్‌డీఎంఐ పోర్టు ఎన్విడియా చిప్‌కే కలిపి ఉంటుంది. ప్రొజెక్టర్ వాడే టీచర్లు ముందే చూసుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో ఈ తరం కార్డు లినక్స్ కోసం కొనాలనుకుంటే వద్దనే చెబుతాను. అదే ధరకు దొరికే పాత ఏఎండీ ఆర్‌ఎక్స్ 570, 580 కార్డుల డ్రైవర్ కెర్నెల్‌లో ఉంది.

ఇంకా పాత జీటీ 710 లాంటివి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ కొట్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. దీనికి సరిపడే 470 డ్రైవర్‌కి 2024లో సపోర్ట్ ఆగిపోయింది. నూవోతోనే వాడుకోండి, బ్రౌజర్‌కీ ఆఫీసు పనికీ చాలు. జీటీ 730 విషయంలో జాగ్రత్త అవసరం. ఒకే పేరుతో రెండు వేర్వేరు తరాల చిప్‌లు అమ్మారు. 128 బిట్ డీడీఆర్3 అని ఉన్నది ఫెర్మి అనే ఇంకా పాత తరం. డబ్బా మీది పేరు ఒకటే అయినా డ్రైవర్లు వేరు.

నల్ల స్క్రీన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, మొదటి నెలలో మనిషికి విరక్తి పుట్టించేది అదే. రాత్రి అప్‌డేట్ చేస్తారు. పొద్దున్నే ఆన్ చేస్తే పై ఎడమ మూలలో ఒక చిన్న గీత మిణుకుమంటూ ఉంటుంది, అంతకు మించి ఏమీ రాదు. అంతా పోయిందనుకుంటారు, ఫైళ్ళు పోయాయని భయపడతారు. ఏమీ పోలేదు. కొత్త కెర్నెల్‌కి డ్రైవర్ కుదరలేదు, అంతే. మెషీన్ ఆపి, ఆన్ చేస్తూనే షిఫ్ట్ గానీ ఎస్కేప్ గానీ నొక్కితే ఏ కెర్నెల్‌తో మొదలవ్వాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోకి వెళ్ళి పాత కెర్నెల్ ఎంచుకోండి. డెస్క్‌టాప్ మామూలుగా వచ్చేస్తుంది, డ్రైవర్ సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే లినక్స్ వదిలేయకపోయేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు.

సంతకం లేని కోడ్‌ని నడవనివ్వని సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇంకో మెలిక ఉంటుంది. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. రీస్టార్ట్ అవగానే నీలం రంగు స్క్రీన్ వచ్చి, ఏదైనా కీ నొక్కమని పది సెకన్లు ఆగుతుంది. ఆ పది సెకన్లలో నొక్కి, ఎన్‌రోల్ ఎంఓకే (Enroll MOK) ఎంచుకుని, ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. టీకి లేచి వెళ్ళారంటే అవకాశం పోతుంది. డ్రైవర్ ఎక్కినట్టే ఉంటుంది గానీ పనిచేయదు, ఎందుకో అర్థం కాదు. కెర్నెల్‌లో ఉన్న డ్రైవర్లకు ఈ తతంగం ఏదీ లేదు, వాటి మీద డిస్ట్రో సంతకం ముందే ఉంటుంది.

వై-ఫై

ఇందులో ఎంపిక తేలిక. ఇంటెల్ కార్డు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఏఎండీ లాప్‌టాప్‌లలో వచ్చే మీడియాటెక్ కొత్త కార్డులు కూడా కెర్నెల్ డ్రైవర్‌తోనే నడుస్తాయి. రియల్‌టెక్ సగం సగం. తక్కువ ధర లాప్‌టాప్‌లలో విరివిగా వచ్చిన ఆర్‌టీఎల్8821సీఈకి చాలాకాలం బయటి డ్రైవరే గతి. తర్వాత కెర్నెల్‌లోకి వచ్చింది కాబట్టి ఇప్పటి డిస్ట్రోల్లో మామూలుగా పనిచేస్తుంది. మార్కెట్‌లో రెండు మూడు వందలకు దొరికే యూఎస్‌బీ వై-ఫై బుడిపెలు మాత్రం చిప్ పేరు తెలియకుండా కొనొద్దు. ఒకే డబ్బాలో, ఒకే పేరుతో, ఈ ఏడాది ఒక చిప్, వచ్చే ఏడాది ఇంకో చిప్ పెట్టి అమ్ముతారు.

బ్రాడ్‌కామ్ కంపెనీ చిప్‌ల విషయంలో చాలా ఏళ్ళు జనం పడ్డ పాట్లు తలచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. విండోస్ డ్రైవర్ ఫైల్‌నే లినక్స్‌లో నడిపించడానికి ఎన్‌డీఐఎస్‌వ్రాపర్ అనే ప్రోగ్రామ్ రాసుకోవాల్సి వచ్చింది. 2010లో ఆ కంపెనీ కొన్ని చిప్‌లకు ఓపెన్ డ్రైవర్ ఇచ్చింది గానీ, పాత మ్యాక్‌బుక్‌లలో ఉన్న కొన్ని చిప్‌లకు ఈరోజుకీ డబ్ల్యూఎల్ అనే సోర్స్ లేని డ్రైవరే కావాలి. పాత మ్యాక్‌బుక్ మీద లినక్స్ వేయాలనుకునేవాళ్ళు యూఎస్‌బీ టెథరింగ్‌కి ఫోన్, కేబుల్ పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి.

కార్డు మార్చడం మా వాడికి కుదిరింది గానీ అందరికీ కుదరదు. కొన్ని పలుచటి లాప్‌టాప్‌లలో కార్డు బోర్డుకే అతికించి ఉంటుంది. కొన్ని పాత మోడళ్ళ బయోస్ తనకు తెలిసిన కార్డులు తప్ప వేరేవి ఒప్పుకోదు. మూత విప్పే ముందే మీ మోడల్ సంగతి తెలుసుకోవాలి.

ప్రింటర్లు

సోర్స్ అందరికీ ఇవ్వాలనే ఈ కథంతా మొదలైందే ప్రింటర్‌తో. 1980 ప్రాంతంలో ఎంఐటీ ఏఐ ల్యాబ్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌ని మార్చి, కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురు అందేలా చేసుకున్నాడు. తర్వాత జిరాక్స్ కంపెనీ ఇచ్చిన లేజర్ ప్రింటర్‌కి సోర్స్ రాలేదు. కార్నెగీ మెలన్‌లో ఒకాయన దగ్గర సోర్స్ ఉందని తెలిసి వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానన్నాడు. 1983లో సోర్స్ అందరికీ దొరికే ఓఎస్ కోసం గ్నూ ప్రాజెక్టు మొదలుపెట్టడానికి ఆ అనుభవం ఒక కారణమని స్టాల్‌మన్ ఎన్నోసార్లు చెప్పాడు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు లినక్స్‌ని తెలుగులోకి తెచ్చిన పని కూడా ఆ దారిలోదే.

మన జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో అంతటా కనిపించే కానన్ ఎల్‌బీపీ2900 తీసుకోండి. గట్టి మెషీన్, ఏళ్ళ తరబడి నడుస్తుంది. కానీ అది క్యాప్ట్ అనే కానన్ సొంత భాష మాట్లాడుతుంది. లినక్స్‌కి కానన్ ఇచ్చిన డ్రైవర్ పాతబడింది, 32 బిట్ లైబ్రరీలు అడుగుతుంది, రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు కంప్యూటర్ల మీద అసలు నడవదు. ఆ భాషను గమనించి బయటివాళ్ళు రాసిన ఓపెన్ డ్రైవర్ ఒకటుంది, కాస్త ఓపికుంటే పనిచేయించుకోవచ్చు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, పీ1007, పీ1008లది ఇంకో రకం ఇబ్బంది. ఆన్ చేసినప్పుడల్లా కంప్యూటరే వాటికి ఫర్మ్‌వేర్ పంపాలి. హెచ్‌పీ వాళ్ళ హెచ్‌పీలిప్ ఓపెనే, కానీ ఈ మోడళ్ళకు దానిలో ఒక ప్లగిన్ విడిగా దించుకోవాలి. అది ఒక్కసారి ఎక్కితే బాగానే నడుస్తాయి.

కొత్త ప్రింటర్ కొనేటప్పుడు డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ గానీ మోప్రియా గానీ ఉందేమో చూడండి, చాలు. అవి ఫోన్‌ల కోసం పెట్టిన ముద్రలే అయినా, డ్రైవర్ అక్కర్లేకుండా లినక్స్‌లో కూడా పనిచేస్తుందనడానికి గుర్తు. ధర కాస్త ఎక్కువైనా ఆ డబ్బు పెట్టండి.

మీసేవ, సీఎస్‌సీ కేంద్రాలు నడిపేవాళ్ళకు ఇక్కడ సూటిగా ఒక మాట చెప్పాలి. ఆధార్ వేలిముద్ర పరికరానికి తయారీదారు ఇచ్చే ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. డిజిటల్ సంతకం టోకెన్‌కి దాని సాఫ్ట్‌వేర్ కావాలి. మీ మోడల్‌కి లినక్స్ వెర్షన్ ఉందని కళ్ళతో చూసేదాకా, ఆ ఒక్క కంప్యూటర్‌లో విండోస్‌ని తీసేయొద్దు. మీ రోజు కూలి దాని మీద ఆధారపడి ఉంది.

డిస్ట్రో

చిప్‌లు తెలిశాక ఈ ఎంపిక తొందరగా తేలిపోతుంది. ఎన్విడియా ఉన్న కొత్తవాళ్ళకు ఉబుంటు గానీ మింట్ గానీ మంచివి. ఒక బటన్‌తో డ్రైవర్ ఎక్కుతుంది, సంతకం చేసిన మాడ్యూళ్ళను ఉబుంటు తనే సిద్ధం చేసి ఇస్తుంది కూడా. పాప్ ఓఎస్‌కి ఎన్విడియా డ్రైవర్‌తో కలిపి విడిగా ఒక ఫైలే ఉంది. ఫెడోరాలో ఎన్విడియా కావాలంటే ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి సాఫ్ట్‌వేర్ నిల్వ నుంచి తెచ్చుకోవాలి. అప్‌డేట్ అయ్యాక మాడ్యూల్ కంపైల్ అవడానికి ఓ ఐదు నిమిషాలు ఆగి రీస్టార్ట్ చేయాలి. ఏఎండీ కొత్త కార్డు ఉన్నవాళ్ళకు మాత్రం ఫెడోరాయే సరైనది, కెర్నెల్ ఎప్పుడూ తాజాగా ఉంటుంది. రెండు మూడేళ్ళ పాత ఇంటెల్, ఏఎండీ మెషీన్‌కి డెబియన్ వేసి మరిచిపోవచ్చు.

ఫర్మ్‌వేర్‌తో సహా ఏదీ మూసి ఉండకూడదనుకునే వాళ్ళకు ట్రిస్కెల్ అనే డిస్ట్రో ఉంది. దానికి తగ్గ వై-ఫై కార్డు కావాలి. పాత అథెరాస్ ఏటీహెచ్9కే రకానికి ఫర్మ్‌వేర్ ఫైలే అక్కర్లేదు. వెతికి పట్టుకోవాలి గానీ దొరుకుతుంది.

కొట్లోనే చేయాల్సిన పరీక్ష

డబ్బు ఇచ్చే ముందు ఒక పెన్‌డ్రైవ్‌లో మీరు వేయబోయే డిస్ట్రోని పెట్టుకుని కొట్టుకి వెళ్ళండి. సెకండ్ హ్యాండ్ అయితే ఎవరూ కాదనరు. కొత్త మెషీన్ అయితే షోలో పెట్టిన పీస్ మీద ఒక్క పది నిమిషాలు అడగండి. హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుందని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మోడల్ నంబర్ పూర్తిగా రాసుకుని వచ్చి, ఇంట్లో చిప్‌ల పేర్లు వెతకండి. మెషీన్ పైన రాసిన సిరీస్ పేరు చాలదు, అడుగున స్టిక్కర్ మీద ఉండే పొడుగాటి నంబర్ కావాలి. ఒకే సిరీస్‌లో రెండు మూడు రకాల వై-ఫై కార్డులు ఉంటాయి.

పెన్‌డ్రైవ్ నుంచి డెస్క్‌టాప్ వచ్చాక మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి వై-ఫై కలపండి. బ్లూటూత్‌లో మీ ఇయర్‌ఫోన్ కలపండి. కెమెరా తెరిచి చూడండి. ఒక వీడియో పెట్టి స్పీకర్ వినండి, వెలుగు తగ్గించే కీ నొక్కి స్క్రీన్ నిజంగా మసకబారుతుందో లేదో గమనించండి. వేలిముద్ర రీడర్ ఉంటే అది పనిచేస్తే లాభమే, పనిచేయకపోతే దాని కోసం మెషీన్‌ని వదులుకోవద్దు. ఆ తర్వాత మూత మూసి, నిమిషం ఆగి, మళ్ళీ తెరవండి. స్క్రీన్ వెలిగి, వై-ఫై దానంతట అదే మళ్ళీ కలిసిందంటే అప్పుడు బేరం మొదలుపెట్టండి.